మెన్షన్ పడితే ఫోన్ మోగాలి: 14 టెక్స్ట్ ఫీడుల ప్రాజెక్టు డైరీ

సొంత సైట్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టుకుని దాన్నే ఫీడుగా వాడే గుంపు మాది. కావలి, ఒంగోలు, కందుకూరు, నెల్లూరు, అల్లూరు అన్నీ కలిపి 14 ఫీడులు. ఫార్మాట్ పేరు ట్విటెక్స్ట్, 2016 నుంచి ఉంది. లైనుకో పోస్టు: ముందు టైమ్, తర్వాత ఒక ట్యాబ్, తర్వాత రాయాల్సిన మాట. ఎవరినైనా పిలవాలంటే @< అని మొదలుపెట్టి మారుపేరు, ఒక ఖాళీ, వాళ్ల ఫీడు చిరునామా రాసి > తో మూసేయాలి. అకౌంట్ లేదు, మధ్యలో కంపెనీ లేదు. అందుకే "ఫలానా వాళ్లు మీ పేరు రాశారు" అని చెప్పే దిక్కు కూడా లేదు. రాసినవాళ్లని నేను ఫాలో అవుతుంటే నా రీడర్‌లో కనిపిస్తుంది, లేకపోతే ఆ పిలుపు వాళ్ల ఫైల్లోనే ఉండిపోతుంది.

అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న బాబాయి ఫీడు వల్ల ఈ పని తప్పనిసరి అయింది. ఆయన రోజూ నీళ్ల రీడింగులు రాస్తాడు, చూసేవాళ్లు చాలామందే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే సూచన కనిపించి ఎవరైనా ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేయమని రాస్తే, అది ఆయనకి మర్నాడు మధ్యాహ్నం తెలిసి లాభం లేదు.

పనిచేస్తున్న పద్ధతి ఒక్కటే కావాలంటే నేరుగా దశ 6కి వెళ్లండి. పనిచేయనివి ఎందుకు పనిచేయలేదో కూడా కావాలంటే ఇక్కడి నుంచే చదవండి.

ముందుగా సామాన్లు:

1. నెలకి నాలుగు వందల లోపు అద్దె ఉన్న చిన్న సర్వర్, 1 జీబీ మెమరీ. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది కానీ ఇంటి కనెక్షన్‌కి బయటి నుంచి చేరుకోగల ఐపీ లేదు, వందల ఇళ్లకి కలిపి ఒకటే ఐపీ వాడుతున్నారు. ఫైళ్లు లాగడానికి (దించుకోవడానికి) ఇబ్బంది లేదు, బయటివాళ్లు మనల్ని చేరడం మాత్రం కుదరదు.
2. పైథాన్, ఎస్‌క్యూలైట్ (డేటాబేస్), ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), కర్ల్ (రిక్వెస్టులు పంపేది), క్రాన్ (టైముకి పనులు నడిపేది).
3. పరీక్ష ఫైలు. ఇందులో కావాలనే చిక్కుగా రాసిన 40 మెన్షన్లు (పైన చెప్పిన పిలుపులు) ఉన్నాయి: తెలుగు మారుపేర్లు, రకరకాల చిరునామాలు, ముందు వెనకలైన టైములు, ఫాలో కానివాళ్ల నుంచి వచ్చినవి. ప్రతి దశ చివర 40కి ఎన్ని పట్టుకుందో రాశాను. మీరు చేసేటప్పుడు కూడా ఇది మొదట తయారు చేసుకోండి, కోడ్ తర్వాత.

దశ 1: అందరూ అందరి ఫైళ్లూ లాగడం

అందరూ మొదట చేసేది ఇదే. 5 నిమిషాలకోసారి మిగతా 13 ఫైళ్లూ దించుకుని అందులో మన చిరునామా వెతకడం. లెక్క చూడండి: 5 నిమిషాలకోసారి అంటే రోజుకి 288 సార్లు. 13 ఫైళ్లకి 3,744 రిక్వెస్టులు. ఇది ఒక్కరికి. 14 మందీ ఇదే చేస్తే 52,416. ఫైలు సగటున 60 కేబీ, అంటే ఒక్కొక్కరూ రోజుకి 219 ఎంబీ దాకా దించుతున్నారు, కేవలం ఏమీ మారలేదని తెలుసుకోవడానికి. ఫోన్ డేటా మీద రీడర్ నడిపేవాళ్లకి ఇది కుదరని పని.

మార్చినవి:

1. రిక్వెస్టుతో పాటు పోయినసారి సర్వర్ ఇచ్చిన ఈట్యాగ్ (ఫైలు వెర్షన్ గుర్తు), లాస్ట్ మాడిఫైడ్ (చివరగా మారిన టైము) విలువలు తిరిగి పంపాం. మారకపోతే 304 అని చిన్న జవాబు వస్తుంది, ఫైలు రాదు.
2. జవాబు 250 బైట్లు అనుకుంటే 3,744 సార్లకీ 1 ఎంబీ లోపే. ఫైలు నిజంగా మారినప్పుడు దిగేది రోజుకి ఇంకో 3 ఎంబీ.
3. ఒక ఫీడు మాత్రం ఎప్పుడూ 304 ఇవ్వలేదు. అది ఫైలు కాదు, పీహెచ్‌పీ అప్పటికప్పుడు అల్లి ఇచ్చేది, లాస్ట్ మాడిఫైడ్ ఎప్పుడు చూసినా "ఇప్పుడే". దాన్ని గంటకోసారికి తగ్గించాం.

మధ్యలో ఇంకో తెలివి ప్రయత్నం జరిగింది: ఫైలు మొత్తం ఎందుకు, చివరి 4 కేబీ చాలదా అని రేంజ్ రిక్వెస్టు పెట్టి చూశాం. వెంటనే డీకోడింగ్ ఎర్రర్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు దేనికదే) ఒక్కోటి 3 బైట్లు, మనం కోసిన చోటు అక్షరం మధ్యలో పడే అవకాశం మూడింట రెండొంతులు. ఇంగ్లిష్ ఫీడులతో పరీక్షిస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. మొదటి లైను ముగిసేదాకా వదిలేస్తే ఆ ఎర్రర్ పోతుంది కానీ, కొన్ని క్లయింట్లు (ఫీడు రాసే, చదివే ప్రోగ్రాంలు) కొత్త పోస్టుని ఫైలు కింద కాకుండా పైన చేరుస్తాయి. వాటికి చివరి 4 కేబీ అంటే అన్నిటికంటే పాత పోస్టులు. రేంజ్ ఆలోచన అక్కడితో వదిలేశాం.

ఇప్పటిదాకా: ఒక్కొక్కరికి రోజుకి 3,744 లోపు రిక్వెస్టులు, 4 ఎంబీ. ఆలస్యం ఎక్కువలో ఎక్కువ 5 నిమిషాలు, గంటకోసారి లాగే ఆ ఒక్క ఫీడుకి మాత్రం గంట. పరీక్షలో 40కి 21. తప్పినవాటిలో ఎక్కువ భాగం మేం ఫాలో కానివాళ్లు రాసినవే, లాగడాన్ని ఎంత పదును పెట్టినా అవి దొరకవు.

దశ 2: యాక్సెస్ లాగ్‌లో వెతకడం

ట్విటెక్స్ట్‌లో దీనికి ఒక చిన్న ఏర్పాటు ముందే ఉంది. క్లయింట్ మన ఫైలు లాగేటప్పుడు యూజర్ ఏజెంట్ హెడర్‌లో తన యజమాని మారుపేరు, ఫీడు చిరునామా రాసి పంపొచ్చు. అంటే మన వెబ్ సర్వర్ లాగ్ (వచ్చిన ప్రతి రిక్వెస్టునీ రాసుకునే ఫైలు) చూస్తే ఎవరు మనల్ని చదువుతున్నారో తెలుస్తుంది. మన పేరు రాసేవాళ్లు సాధారణంగా మనల్ని చదివేవాళ్లే కదా, కాబట్టి లాగ్‌లో కొత్త చిరునామా కనపడగానే ఆ ఫీడు తెచ్చి అందులో మన చిరునామా ఉందేమో చూడటం.

ఆలోచన బాగుంది. ఎక్కడ తెగిందంటే:

1. 14 మందిలో 6 మంది ఉచిత స్టాటిక్ హోస్టింగ్ మీద ఉన్నారు. వాళ్లకి లాగ్ అనేదే ఇవ్వరు.
2. ముందు సీడీఎన్ (మన ఫైళ్ల కాపీలు దాచి తనే ఇచ్చే సర్వర్లు) ఉంటే రిక్వెస్టు మన సర్వర్ దాకా రాదు, లాగ్ ఖాళీ.
3. అర్ధరాత్రి లాగ్ రొటేట్ అయ్యేసరికి (పాతది పక్కకి పోయి కొత్త ఫైలు మొదలయ్యేసరికి) స్క్రిప్టు పాత ఫైలు చివర చూస్తూ కూర్చునేది. ఫైలు ఐనోడ్ (డిస్కులో ఫైలు గుర్తింపు సంఖ్య) మారిందా అని చూసి కొత్తది తెరవాలి. టెయిల్ కమాండ్‌లో పెద్ద ఎఫ్ వాడితే ఈ పని అదే చేస్తుంది, చిన్న ఎఫ్ చేయదు.
4. యూజర్ ఏజెంట్‌లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు. అది ఆధారం కాదు, అక్కడికి వెళ్లి చూడమనే సూచన, అంతవరకే.

లాగ్ ఉన్న 8 మందికి ఇది ఇప్పటికీ నడుస్తోంది, కొత్త పాఠకులు ఎవరో తెలుసుకోవడానికి. మెన్షన్ల కోసం మాత్రం దీన్ని నమ్ముకోకండి.

ఇప్పటిదాకా: 40కి 27. రిక్వెస్టుల లెక్కలో మార్పు లేదు.

దశ 3: రాసినవాడే వచ్చి తలుపు తట్టాలి

ఇక్కడ ఆగి మిగతా వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్కులు ఏం చేశాయో చూశాం. మాస్టోడాన్ వాడే యాక్టివిటీపబ్ (2018 జనవరి 23న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని ప్రమాణం చేసింది) ప్రకారం ప్రతి మనిషికీ ఒక ఇన్‌బాక్స్ చిరునామా ఉంటుంది, పంపే సర్వరే పోస్టు తెచ్చి అందులో వేస్తుంది, మెన్షన్‌ని ట్యాగ్‌గా విడిగా చెబుతుంది. బ్లూస్కైలో మెన్షన్ పోస్టులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో బైట్ల లెక్కన రాస్తారు, తెలుగులో అక్షరాలు లెక్కపెట్టి రాసే క్లయింట్ అయితే లింకు ఎక్కడో మధ్యలో తేలుతుంది. నోటిఫికేషన్లు తయారు చేసేది అందరి పోస్టులూ చదివే ఒక పెద్ద సర్వర్. నోస్టర్‌లో అయితే ఎవరిని పిలిచారో వాళ్ల పబ్లిక్ కీని (అక్కడ మనిషికి అదే గుర్తింపు) పి అనే ట్యాగ్‌లో పెడతారు, మన కీ ట్యాగ్‌గా ఉన్న పోస్టులు ఇవ్వమని రిలేని (పోస్టులు దాచి పంచే సర్వర్‌ని) అడగాలి. మూడింట్లోనూ ఎప్పుడూ మేలుకుని ఉండే సర్వర్ ఎక్కడో ఒకటి ఉంది. మా దగ్గర ఉన్నవి ఫైళ్లు మాత్రమే.

ఫైళ్లకి సరిపోయేది వెబ్‌మెన్షన్. 2017 జనవరి 12న డబ్ల్యూ3సీ ప్రమాణమైంది, చదవడానికి అరగంట చాలు. పని ఇంతే:

1. నేను నా ఫైల్లో మీ పేరు రాస్తాను.
2. నా స్క్రిప్టు మీ ఫీడు చిరునామాకి వెళ్లి, తట్టాల్సిన చోటు ఏదో హెడర్లలో చూస్తుంది.
3. అక్కడికి రెండే విషయాలు పంపుతుంది: సోర్స్ (నా ఫైలు), టార్గెట్ (మీ ఫైలు).
4. మీ రిసీవర్ (తట్టడాన్ని అందుకునే ప్రోగ్రాం) 202, అంటే "అందింది, తర్వాత చూస్తా" అని జవాబిచ్చి, తీరిగ్గా నా ఫైలు తెచ్చుకుని అందులో మీ చిరునామా నిజంగా ఉందో లేదో చూసుకుంటుంది. సాదా టెక్స్ట్ అయితే స్ట్రింగ్ వెతికితే చాలని ప్రమాణమే చెబుతోంది.

నాకు నచ్చింది నాలుగోది. తట్టడంలో సందేశం ఏమీ రాదు, సంతకాలు, కీలు, లాగిన్‌లు అక్కర్లేదు. అబద్ధంగా తట్టినా వెళ్లి చూస్తే లైను ఉండదు.

గొడవలు ఇక్కడే మొదలయ్యాయి.

తట్టే చోటు దొరకదు. హెచ్‌టీఎంఎల్ పేజీ అయితే లోపల లింక్ ట్యాగ్ పెట్టొచ్చు. టెక్స్ట్ ఫైలుకి ఆ వీలు లేదు, లింక్ అనే హెచ్‌టీటీపీ హెడర్ ఒక్కటే దారి, స్టాటిక్ హోస్టింగ్ మీద ఉన్న ఆ 6 మందికి హెడర్లు మార్చే హక్కు లేదు. అందుకని ఫైలు పైన # తో మొదలయ్యే కామెంట్ లైన్లలో వెబ్‌మెన్షన్ = అని చిరునామా రాసుకుందామని మాలో మేం ఒప్పందం చేసుకున్నాం. ప్రమాణంలో లేదు, బయటివాళ్ల సాఫ్ట్‌వేర్‌కి ఇది తెలియదు. అయినా ముందు హెడర్ చూడటం, లేకపోతే కామెంట్ చూడటం అని రెండూ పెట్టాం.

తట్టింది ముందు, ఫైలు చేరింది తర్వాత. స్క్రిప్టు పోస్టు రాయగానే తట్టేది, ఫైళ్లు సర్వర్‌కి పంపే ఆర్‌సింక్ ఇంకా అప్‌లోడ్ చేస్తూనే ఉండేది. రిసీవర్ వచ్చి చూసి "ఇక్కడ ఏం లేదే" అని కొట్టేసేది. అప్‌లోడ్ అయ్యాక తట్టేలా మార్చినా కొందరివి పోతూనే ఉన్నాయి. చూస్తే వాళ్ల హోస్టింగ్ హెడర్‌లో మాక్స్ ఏజ్ 600 అని ఉంది, అంటే 10 నిమిషాల పాటు పాత కాపీయే వస్తుంది. ఇప్పుడు రిసీవర్ మొదటిసారి లైను కనపడకపోతే 1, 5, 15 నిమిషాలకి మళ్లీ చూస్తుంది, ఆ తర్వాతే వదిలేస్తుంది.

రెండో మెన్షన్ మాయం. దీనికి చాలా సమయం పోయింది. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ రిసీవర్లు సోర్స్, టార్గెట్ జంటని ఒక గుర్తింపుగా వాడతాయి, అదే జంట మళ్లీ వస్తే పాతదానికి అప్‌డేట్ అనుకుంటాయి. వ్యాసానికో పేజీ ఉండే సైట్లకి అది సరైన పద్ధతే. మాకు సోర్స్ ఎప్పుడూ అదే ఫైలు, టార్గెట్ ఎప్పుడూ అదే ఫైలు. ఒంగోలు లెక్చరర్ గారు బాబాయిని మొదటిసారి పిలిస్తే ఫోన్ మోగింది, ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా మోగలేదు, లాగ్‌లో అన్నీ 202లే, ఎర్రర్ ఒక్కటీ లేదు. రెడీమేడ్‌ది తీసేసి 200 లైన్ల లోపు సొంతది రాశాం: తట్టగానే ఫైలు మొత్తం తెచ్చి, మన చిరునామా ఉన్న ప్రతి లైనునీ ఇంతకుముందు చూసిన పట్టికతో పోల్చడం.

లోపలి చిరునామాలు. గుంపులో ఒకడు సరదాకి సోర్స్‌గా 192.168.1.1 పంపాడు. రిసీవర్ బుద్ధిగా వెళ్లి లాగబోయింది. బయటివాడు చెప్పిన చోటికల్లా వెళ్లే ప్రోగ్రాం ఏదైనా ఇలా లోపలి నెట్‌వర్క్‌లోకి దారి తెరుస్తుంది. పెట్టుకోవాల్సినవి: ఐపీ ముందే కనుక్కుని ప్రైవేట్ (లోపలి నెట్‌వర్క్), లూప్‌బ్యాక్ (ఆ మెషీన్‌కే తిరిగొచ్చేవి) వరుసలైతే తిరస్కరించడం, ఆ కనుక్కున్న ఐపీకే కనెక్ట్ అవ్వడం, రీడైరెక్ట్ అయిన ప్రతిసారీ ఇదే పరీక్ష, 10 సెకన్ల టైమౌట్, 1 ఎంబీ దాటితే ఆపేయడం, ఒకే సోర్స్‌కి నిమిషానికి ఒక్కసారే వెళ్లడం. చివరిది లేకపోతే ఎవరైనా మన రిసీవర్‌ని వాడి ఇంకొకరి సైట్ మీద రిక్వెస్టులు కురిపించగలరు.

14 మందికీ ఒకటే రిసీవర్ పెడితే ఇది వికేంద్రీకరణ ఎలా అవుతుందని కందుకూరు అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న. ప్రస్తుతం 11 మందివి నా సర్వర్ వైపే చూస్తున్నాయి, కానీ అది ఫైల్లో ఒక్క లైను, రేపు ఎవరైనా మార్చుకోవచ్చు, మిగతావాళ్లకి చెప్పనవసరం కూడా లేదు. నాకు ఆ మాత్రం చాలనిపిస్తోంది, ఆమెకి చాలలేదు, సొంతది పెట్టుకుంది. ఆమెది నాదాని కంటే బాగా నడుస్తోంది.

ఇప్పటిదాకా: ఆలస్యం సాధారణంగా 10 సెకన్ల లోపు. 40కి 31.

దశ 4: ఇది నా పేరేనా?

మిగిలిన 9లో 6 తెలుగు వల్ల, చిరునామాల వల్ల పోయినవి.

మొదట రాసిన ప్రోగ్రాం మారుపేరుని పైథాన్ రెగెక్స్‌లో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) వర్డ్ క్యారెక్టర్ గుర్తుతో వెతికింది. పైథాన్‌తో వచ్చే రెగెక్స్ లైబ్రరీకి తెలుగు గుణింతాలు, పొల్లు అక్షరాలు కావు. "నెల్లూరు" ఇస్తే న, ల, ల, ర అని నాలుగు ముక్కలు ఇస్తుంది. దాన్ని తీసేసి, @< తర్వాత ఖాళీ వచ్చేదాకా మారుపేరు, > వచ్చేదాకా చిరునామా అని పెట్టాం. ఏ భాషైనా సరే.

తర్వాత "రీడింగ్‌రూమ్" అనే మారుపేరు. అందులో గ్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు అతుక్కోకుండా ఆపే కనపడని గుర్తు) ఉంది, లేకపోతే గ్రూ అని అతుక్కుంటుంది. అది కంటికి తెలుస్తుంది కాబట్టి ఫర్వాలేదు. కొన్ని ఫోన్ కీబోర్డులు చివరి మ్ తర్వాత కూడా ఇంకోటి చేరుస్తాయి, అది ఏ ఫాంట్‌లోనూ కనిపించదు. చూడ్డానికి ఒకటే పేరు, కంప్యూటర్‌కి రెండు. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు రాతల్ని ఒకటి చేయడం) చేసినా ఈ నాన్ జాయినర్ పోదు. కాబట్టి నిర్ణయం: మారుపేరు తెర మీద చూపించడానికే, పోల్చేది చిరునామా ఒక్కదాన్నే.

చిరునామా మాత్రం తక్కువదా? హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ తేడా, మొదట్లో మూడు డబ్ల్యూలు, చివర స్లాష్. ఒకాయన ఫైలు పేరే తెలుగులో పెట్టాడు. బ్రౌజర్ నుంచి కాపీ చేస్తే పర్సెంట్ గుర్తులతో వస్తుంది, ఒక్కో తెలుగు కోడ్‌కి 9 క్యారెక్టర్లు. "నెల్లూరు" అనే 8 కోడ్‌ల మాట 72 క్యారెక్టర్లవుతుంది. చేత్తో టైప్ చేసినవాళ్లు తెలుగులోనే రాస్తారు. .భారత్ డొమైన్ తీసుకుంటే ఇదే గొడవ డొమైన్ భాగంలో కూడా వస్తుంది, అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చిన రూపాన్ని ప్యూనీకోడ్ అంటారు.

చేసింది:

1. పోల్చే ముందు స్కీమ్ వదిలేయడం, డొమైన్‌ని చిన్న అక్షరాల్లోకి, ప్యూనీకోడ్‌లోకి మార్చడం.
2. ఫైలు దారిలో పర్సెంట్ గుర్తులు విప్పి, నార్మలైజ్ చేయడం. 'ఐ' గుణింతాన్ని ఒక కోడ్‌గానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు, ఇక్కడ నార్మలైజేషన్ పనికొస్తుంది.
3. మూడు డబ్ల్యూలు, చివరి స్లాష్ మేమే తీసేయం, అవి వేరే సైట్లు కూడా కావచ్చు. యజమాని తన ఫైలు పైన తన చిరునామాలన్నీ రాసుకుంటే వాటిలో దేనికి కలిసినా అతనే.

ఇప్పటిదాకా: 40కి 37.

దశ 5: ఒకే పిలుపు మళ్లీ మళ్లీ

మొదట లైను మొత్తానికి హ్యాష్ (వేలిముద్ర లాంటి చిన్న కోడ్) తీసి, చూసిన పట్టికలో పెట్టాం. ఎవరైనా అక్షరదోషం దిద్దితే హ్యాష్ మారుతుంది, ఫోన్ మళ్లీ మోగుతుంది. చిరాకే కానీ బతకొచ్చు. అసలు దెబ్బ వేరే రకంగా వచ్చింది. ఒకరు క్లయింట్ మార్చారు, కొత్త క్లయింట్ ఫైలు మొత్తం మళ్లీ రాసి, టైములన్నీ +05:30 (మన టైము) నుంచి జెడ్ (యూటీసీ, ప్రపంచ ప్రామాణిక టైము) కి మార్చింది. 18:40 కాస్తా 13:10 అయింది. క్షణం అదే, రాత వేరు. అన్ని లైన్లూ కొత్తవే అనుకుని రిసీవర్ పాత మెన్షన్లన్నీ ఒకేసారి వదిలింది. "ఏందబ్బయా, ఫోను రేత్రంతా మోగతానే ఉండాది, గుంటల్లో ఏమైందో అని పరిగెత్తా" అన్నాడు బాబాయి. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన నోటిఫికేషన్లు ఆఫ్‌లోనే పెట్టాడు.

ఇప్పుడు పట్టికలో ఒక్కో పిలుపుని గుర్తుపట్టే కీ మూడు ముక్కలు: ఫీడు చిరునామా, టైముని యూటీసీ సెకన్లుగా మార్చిన సంఖ్య, పిలిచినది ఎవరిని. మాట దిద్దినా మళ్లీ మోగదు, దిద్దుతూ కొత్తగా ఇంకొకరి పేరు చేరిస్తే ఆ కొత్తవాళ్లకి మాత్రం మోగుతుంది. ఒకే సెకనులో రెండు పోస్టులు పడితే ఒకటి పోతుంది, మనుషులు రాసే ఫీడుల్లో అది జరగదు, బాట్ ఫీడులకి జరగొచ్చు. దీంతోపాటు ఒక్క ఫీడు నుంచి ఒకేసారి 5 కంటే ఎక్కువ కొత్తవి కనపడితే అన్నీ కలిపి ఒకే నోటిఫికేషన్.

మిగిలిన 3 మెన్షన్లు పోయింది కూడా టైము దగ్గరే. "పోయినసారి చూసిన టైము తర్వాతి లైన్లే చూడు" అని ఒక షార్ట్‌కట్ ఉండేది. రాస్‌బెర్రీ పై మీద ఫీడు నడిపేవాళ్లలో పై 5 కంటే పాత బోర్డులున్నవాళ్లకి అందులో గడియారం ఉండదు. కరెంటు పోయి వస్తే, నెట్ కలిసి టైము సరిచూసుకునేదాకా పాత టైమే ఉంటుంది. వేసవిలో ఇక్కడ కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. ఆ సందులో రాసిన పోస్టు వెనకటి తేదీతో పడుతుంది, షార్ట్‌కట్ దాన్ని దాటేస్తుంది. 60 కేబీ ఫైలు మొత్తం చదవడానికి పట్టేది ఎంతని, ఆ షార్ట్‌కట్‌నే పీకేశాం.

ఇప్పటిదాకా: 40కి 40. పరీక్ష ఫైల్లో రాకూడని అలర్టులు 0.

దశ 6: ఇప్పుడు నడుస్తున్నది

పంపే వైపు:

1. ఫైలు అప్‌లోడ్ పూర్తయ్యాక, కొత్త లైన్లలోని చిరునామాలు ఏరడం.
2. ఒక్కోదానికి తట్టే చోటు వెతకడం: హెడర్, తర్వాత కామెంట్ లైను. దొరికింది ఒక రోజు దాచుకోవడం.
3. తట్టడం. 200 వరుస కాకుండా ఏదొచ్చినా, లేదా జవాబే రాకపోయినా 1 నిమిషం, 10 నిమిషాలు, 1 గంట, 6 గంటలకి మళ్లీ. ఆ తర్వాత ఆపేయడం.

తీసుకునే వైపు:

1. జంట రాగానే టార్గెట్ మన చిరునామాల్లో ఉందా చూసి, వరుసలో పెట్టి 202 ఇవ్వడం.
2. దశ 3లోని జాగ్రత్తలన్నిటితో సోర్స్ తెచ్చుకోవడం.
3. చిరునామా పోల్చి, కీ పట్టికలో లేని లైన్లు ఏరడం.
4. ఫాలో అయ్యేవాళ్లవైతే వెంటనే ఫోన్‌కి. తెలియని ఫీడు అయితే సాయంత్రం 7కి ఒకే జాబితాగా. అందులో ఒప్పుకున్న ఫీడు ఆ రోజు నుంచి వెంటనే మోగే వరుసలోకి వస్తుంది.

దీనికి తోడు లాగడం తీసేయలేదు, 5 నిమిషాల బదులు 6 గంటలకోసారికి తగ్గించాం. తుపాను రోజుల్లో రిసీవర్ పడిపోయి, పంపేవాళ్లు ఆశ వదిలేసినా, తర్వాత లాగినప్పుడు ఆ లైను దొరుకుతుంది. తట్టడం వేగం కోసం, లాగడం భద్రత కోసం. ఒకదాన్ని చూసి రెండోది తీసేయాలని అనిపిస్తుంది, తీయకండి.

లెక్క: 6 గంటలకోసారి అంటే ఒక్కొక్కరికి రోజుకి 13 × 4 = 52 రిక్వెస్టులు. 3,744 నుంచి 52. అందరివీ కలిపితే 52,416 నుంచి 728, తట్టులు అదనం.

దశ 7: ఫోన్ దాకా

ఎస్ఎంఎస్ మొదటి కోరిక, బాబాయి లాంటివాళ్లకి అదే అలవాటు. మన దేశంలో సాఫ్ట్‌వేర్ నుంచి ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద డీఎల్‌టీలో (ఎస్ఎంఎస్ పంపేవాళ్ల నమోదు వ్యవస్థ) సంస్థగా నమోదై, హెడర్ (పంపేవాళ్ల పేరు), టెంప్లేట్ (సందేశం నమూనా) ముందే ఆమోదం పొందాలి. సరదా గుంపుకి అంత తతంగం ఎందుకు. పైగా తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కి 70 క్యారెక్టర్లే, ఇంగ్లిష్‌కి 160.

టెలిగ్రామ్ బాట్ తేలిక, కానీ బాట్ తనంతట తను ఎవరికీ ముందు మెసేజ్ పెట్టలేదు, అవతలివాళ్లు ఒకసారి స్టార్ట్ నొక్కాలి. 5 మంది అది వాడుతున్నారు. మిగతావాళ్లకి ఎన్‌టీఎఫ్‌వై అనే నోటిఫికేషన్ సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్, సొంత సర్వర్‌లోనే నడుస్తుంది, ఒక్క కర్ల్ లైనుతో ఫోన్ మోగుతుంది. రెండు జాగ్రత్తలు: పబ్లిక్ సర్వర్ వాడితే టాపిక్ (మన నోటిఫికేషన్లు వచ్చే చానెల్) పేరే పాస్‌వర్డ్ లాంటిది, ఊహించగలిగే పేరు పెట్టకండి. సందేశం 4,096 బైట్లు దాటితే అది అటాచ్‌మెంట్ అయిపోతుంది, తెలుగులో అది 1,365 కోడ్‌ల దగ్గరే వచ్చేస్తుంది. మేం మొదటి 200 కోడ్‌లు, లింకు మాత్రమే పంపుతున్నాం.

కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా సెట్టింగ్ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, నోటిఫికేషన్ తెర వెలిగించినప్పుడే వస్తుంది. ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయాలి. ఇది ప్రతి ఫోన్ చేతిలోకి తీసుకుని చేయాల్సిందే, కోడ్‌తో అయ్యే పని కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు లేకుండా పంపుతున్నాం, బాబాయి ఫీడుకి మాత్రం ఆ నియమం లేదు, ఆయనే వద్దన్నాడు.

ఇంకా తేలనివి

మెన్షన్ తీసేస్తే ఏం చేయాలి? వెబ్‌మెన్షన్ ప్రకారం పేజీ 410 (తీసేశారు) ఇచ్చినా, పేజీలో లింకు లేకపోయినా తొలగించాలి, మా దగ్గర ఒక లైను పోయినా అదే చిరునామా ఇంకో లైన్లో ఉండొచ్చు. ఫోన్‌లో కనపడినదాన్ని ఎలాగూ వెనక్కి లాగలేం, రిసీవర్ జాబితాలోంచి మాత్రం 6 గంటల లాగుడులో తీసేస్తున్నాం.

ఫీడు వేరే డొమైన్‌కి మారితే కీలో మొదటి ముక్క మారుతుంది, పాతవన్నీ మళ్లీ కొత్తవవుతాయి. ప్రస్తుతం మారేవాళ్లు ముందుగా చెబుతున్నారు, పట్టికలో చేత్తో మారుస్తున్నాను.

ఒక ఫీడు ఈ మధ్యే 1 ఎంబీ హద్దు దాటింది, సెన్సర్ రీడింగులు నిమిషానికోసారి రాసేది. దాన్ని రెండుగా విడగొట్టి, మనుషులకి చెప్పేవి ఒక ఫైల్లో, రీడింగులు ఇంకో ఫైల్లో పెట్టమని అడిగాం. అయ్యేదాకా ఆ ఒక్కదానికి హద్దు 3 ఎంబీకి పెంచి ఉంచాను.